పాత డీజిల్ ప్యాసింజర్ రైళ్ల పరిరక్షణ, పునరుద్ధరణ

పాశమైలారం, పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతానికి సమీపంలోని లింగంపల్లికి 2003 ఆగస్టులో విద్యుత్ ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు ప్రారంభమయ్యాయి. డీజిల్ డెము రైళ్లు నడిచిన సికింద్రాబాద్-మేడ్చల్ మార్గానికి ఈ సేవలు 2023 ఏప్రిల్‌లో విస్తరించాయి. విద్యుదీకరణ సాగే కొద్దీ డీజిల్ బళ్లు తుక్కు వేలానికి చేరుతున్నాయి. ఆవిరి ఇంజన్లకు దక్కిన ఆదరణ వీటికి దక్కవలసి ఉంది.

దేశంలో 1964 నుంచి వారణాసి కర్మాగారం నిర్మించిన డబ్ల్యూ.డి.ఎం.-2 ఇంజన్ల సామర్థ్యం 2,600 అశ్వశక్తి. ఇటువంటి ఇంజన్‌లో డీజిల్ యంత్రం జనరేటర్‌ను త్రిప్పగా, ఆ విద్యుత్తుతో మోటార్లు చక్రాలను నడుపుతాయి. కనుక మ్యూజియంలో కేవలం రంగులు వేసినంత మాత్రాన పునరుద్ధరణ కాదు.

నిలిపి ఉంచిన యంత్రంలో మిగిలిన నీరు తుప్పుకు కారణమవుతుంది. తేమ మోటార్ల ఇన్సులేషన్‌ను దెబ్బతీస్తుంది. రబ్బరు సీళ్లు గట్టిపడతాయి. అందువల్ల నీటిని పూర్తిగా తొలగించి, కందెన నూనె ప్రసరింపజేసి, క్రాంక్‌షాఫ్టును నిర్ణీత వ్యవధిలో త్రిప్పుతుండాలి. పాత బళ్లలో ఆస్‌బెస్టాస్ ఉన్నట్లయితే దానిని నిపుణులే తొలగించాలి.

దొరకని విడిభాగాలను తిరిగి తయారు చేయడానికి అసలు డ్రాయింగులు, మరమ్మతు రిజిస్టర్లు, షెడ్డు కార్మికుల అనుభవం ఆధారం. అందుచేత భద్రపరచవలసిన బళ్లను, వాటి రికార్డులతో సహా, వేలానికి ముందే ఎంపిక చేయడం అవసరం. విడదీసి అమ్మివేసిన బండిని తిరిగి సమకూర్చడం సాధ్యం కాదు.