మా మెట్టినూరి ఆటగాళ్ళు

డాలస్‌లో మన తెలుగువాళ్ళు పరిచయమైన ఐదు నిమిషాలకి "మీదే ఊరండీ?" అని అడుగుతారు. ప్లేనో అనో ఫ్రిస్కో అనో చెబితే ఒప్పుకోరు. "అది కాదండీ, ఇండియాలో?" అంటారు. ఇరవై ఏళ్ళు ఇక్కడ కాపురం చేసినా ఇది మన ఊరి లెక్కలోకి రాదన్నమాట! పిల్లలకి ఆ గొడవ లేదు. డాలస్ మావెరిక్స్ బాస్కెట్‌బాల్ జట్టుని వాళ్ళు "మన టీమ్" అనే అంటారు. పక్కన కూర్చుని చూసీ చూసీ నాకూ అదే అలవాటైంది. నాకు బాగా ఇష్టమైన ఆటగాళ్ళెవరా అని లెక్క వేసుకుంటే తమాషా ఏమిటంటే, అందులో ఒక్కడూ డాలస్‌లో పుట్టినవాడు కాదు. అందరూ ఎక్కడెక్కడి నుంచో ఇక్కడికి వచ్చి పడ్డవాళ్ళే, మనలాగే.

జట్టు పుట్టింది 1980లో. మొదటి యజమాని డాన్ కార్టర్, కౌబాయ్ టోపీ లేకుండా కనబడని మనిషి. ఆయన తల్లి మేరీ క్రౌలీ ఇంటి అలంకరణ సామాన్ల కంపెనీ పెట్టింది. ఆడవాళ్ళే తోటి ఆడవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, నలుగురినీ కూర్చోబెట్టి ఆ సామాన్లు అమ్మేవాళ్ళు. ఇక భార్య లిండాకి బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం. ఆవిడ కోసమే ఆయన ఊరికి జట్టు తెచ్చాడని చెప్పుకుంటారు. చీరలూ నగలూ అడిగే మనం ఎంత నయమో చూడండి! అక్టోబర్ 11న ఆడిన మొదటి ఆటలోనే పొరుగూరు శాన్ ఆంటోనియో జట్టుని ఓడించారు. సంబరం అక్కడితో సరి. ఆ సీజన్‌లో 82 ఆటలాడి గెలిచింది 15.

ఆ ఏడాది మధ్యలో చేరినవాడు బ్రాడ్ డేవిస్. అప్పటికే మూడు పెద్ద జట్లు తిరిగి, ఎక్కడా నిలదొక్కుకోలేక, అలాస్కాలో ఒక చిన్న జట్టుకి ఆడుతున్నాడు. ఇక్కడ మాత్రం 1992 దాకా ఉండిపోయాడు. రిటైరయ్యాక అతని 15వ నంబరు చొక్కాని ఇంకెవరికీ ఇవ్వకుండా స్టేడియం పైకప్పుకి వేలాడదీశారు. మావెరిక్స్‌లో ఆ గౌరవం దక్కిన మొదటివాడు అతనే. పెద్ద స్టారేం కాదు. ఊరు అతన్ని తనవాడనుకుంది, అంతే.

రెండోవాడు రొలాండో బ్లాక్‌మన్. పుట్టింది పనామాలో, పెరిగింది న్యూయార్క్ బ్రూక్లిన్‌లో, 1981లో ఇక్కడికొచ్చాడు. 1987 ఆల్‌స్టార్ ఆటలో గడియారం సున్నాకి వచ్చేసింది, జట్టు రెండు పాయింట్లు వెనకబడి ఉంది, ఇతని చేతిలో రెండు ఫ్రీ త్రోలు. ఒక్కటి తప్పినా ఓటమే. రెండూ వేశాడు, ఆట అదనపు సమయంలోకి వెళ్ళింది, ఇతని జట్టే గెలిచింది. ఆ వీడియో చూసినప్పుడల్లా ఫలితం తెలిసి కూడా ఊపిరి బిగబడతాను. డాలస్ తరఫున అతను వేసిన 16,643 పాయింట్ల రికార్డు 2008 దాకా చెక్కుచెదరలేదు.

ఈ ఆటలో రెండు మాటలు తెలియాలి. కొత్త ఆటగాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకోవడం డ్రాఫ్ట్. ఏ ఊరు వెళ్ళాలో కుర్రాడి చేతిలో ఉండదు. పెద్దలు కుదిర్చిన సంబంధమే అనుకోండి. ఒక జట్టు తన ఆటగాడిని ఇచ్చి ఇంకో జట్టు ఆటగాడిని తెచ్చుకోవడం ట్రేడ్. మన వైపు కుండమార్పిడి పెళ్ళిళ్ళు చూసినవాళ్ళకి ఇదేం వింత కాదు. చాలాసార్లు అసలు మనిషిని అడగనైనా అడగరు.

అలా కుదిరిన సంబంధమే డర్క్ నొవిట్స్కీ. జర్మనీలో వుర్జ్‌బర్గ్ కుర్రాడు. వాళ్ళమ్మ జాతీయ జట్టుకి బాస్కెట్‌బాల్ ఆడింది, అక్కా ఆడేది. దాంతో చిన్నప్పుడు ఇది ఆడవాళ్ళ ఆట అనుకునేవాడట! 1998లో మిల్వాకీ జట్టు ఎంచుకుని, వెంటనే డాలస్‌కి ఇచ్చేసింది. 1990లలో ఈ జట్టు పరిస్థితి మహా ఘోరం. ఒక సీజన్ మొత్తానికి 11 గెలిచింది, మరుసటి ఏడాది 13. అలాంటి ఇంట్లో, ఇరవై ఏళ్ళ వయసులో, రాని భాషలో అడుగుపెట్టాడు. మొదటి ఏడాది ఆట కుదరలేదు, ఇంటికి వెళ్ళిపోదామా అనుకున్నాడు. తోడు దొరికింది స్టీవ్ నాష్, కెనడాలో పెరిగినవాడు. అదే ఏడాది డాలస్ వచ్చాడు. ఇద్దరూ ప్రాణస్నేహితులయ్యారు. 2004లో నాష్ వేరే ఊరు వెళ్ళిపోయినా డర్క్ ఇక్కడే ఉండిపోయాడు.

మేం డాలస్ వచ్చింది 2006లో. ఆ వేసవిలో ఫైనల్స్‌లో మయామీ మీద మొదటి రెండు ఆటలూ గెలిచి, తర్వాత నాలుగూ వరసగా ఓడారు. మరుసటి ఏడాది 67 ఆటలు గెలిచి, ప్లేఆఫ్స్‌లో మొదటి రౌండే దాటలేకపోయారు. ఆ సీజన్‌కి అత్యుత్తమ ఆటగాడి బహుమతి డర్క్‌దే. అది అందుకుంటున్నప్పుడు అతని మొహం చూడాల్సింది. పెళ్ళి ఆగిపోయిన ఇంట్లో భోజనాలు వడ్డిస్తున్నట్టు ఉంది.

2011లో మళ్ళీ అదే మయామీ, మళ్ళీ ఫైనల్స్. మొదటి ఆటలోనే డర్క్ ఎడమచేతి వేలి నరం తెగింది, నాలుగో ఆటకి 101 డిగ్రీల జ్వరం. అయినా ఆడాడు. నాలుగో ఆట నుంచి మొదటి ఐదుగురిలోకి వచ్చినవాడు హోసే బరేయా. ప్యూర్టో రికో కుర్రాడు, డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ ఎంచుకోలేదు, ఆరడుగుల లోపే ఉంటాడు. ఆ తాటిచెట్ల మధ్యలోంచి ఉడతలా దూరిపోయి బంతి వేసి వచ్చేవాడు. జూన్ 12న గెలిచేశారు. గంట మోగగానే డర్క్ అందరినీ వదిలి లోపలికి పరిగెత్తాడు, ఏడుపు ఎవరికీ కనబడకూడదని. కప్పు ముందుగా అందుకుంది ఎవరో తెలుసా? టోపీతో వచ్చిన ముసలాయన డాన్ కార్టర్. అప్పటికి జట్టు అమ్మేసి ఏళ్ళు గడిచాయి. కొత్త యజమాని మార్క్ క్యూబన్ ఆ గౌరవం ఆయనకి ఇచ్చాడు. ఆ మర్యాద నాకు కప్పుకన్నా నచ్చింది.

మన దేశపు కుర్రాడూ ఉన్నాడు. పంజాబ్‌లో బల్లోకే పల్లె నుంచి వచ్చిన సత్నామ్ సింగ్, ఏడడుగుల రెండంగుళాలు. 2015లో 52వ వాడిగా మావెరిక్స్ ఎంచుకుంది. భారతదేశంలో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొట్టమొదటివాడు. పెద్ద జట్టులో ఒక్క ఆటా ఆడే అవకాశం రాలేదు. దాని అనుబంధ జట్టు టెక్సస్ లెజెండ్స్‌కి ఆడాడు, అదీ మన తెలుగువాళ్ళు కిక్కిరిసి ఉండే ఫ్రిస్కోలోనే. వచ్చిన ప్రతివాళ్ళకీ ఊరు ఒడి చాపదని అతన్ని తలుచుకుంటే గుర్తొస్తుంది. నా లెక్కలో మాత్రం అతనున్నాడు.

ఆఖరివాడి గురించి రాయడం కష్టంగానే ఉంది. లూకా డాంచిచ్, స్లొవేనియా పిల్లాడు. పదమూడేళ్ళకే ఇల్లు వదిలి ఆట కోసం మాడ్రిడ్ వెళ్ళాడు, 2018లో ఇక్కడికొచ్చాడు. డర్క్ ఆఖరి ఏడాది, లూకా మొదటి ఏడాది ఒకటే. అత్తగారు కొత్తకోడలికి తాళాలు అప్పగించినట్టే ఉండేది. 2024లో జట్టుని ఫైనల్స్ దాకా తీసుకెళ్ళాడు. 2025 ఫిబ్రవరి 1 అర్ధరాత్రి వేళ అతన్ని లాస్ ఏంజిలిస్‌కి ట్రేడ్ చేశారన్న వార్త వచ్చింది. అతనికే ముందు తెలియదు. తెల్లారి జనం స్టేడియం బయట డర్క్ విగ్రహం దగ్గర పూలు పెట్టారు, శవపేటిక కూడా తెచ్చారు. మా ఇంట్లో ఆ రోజు ఎవరూ టీవీ పెట్టలేదు.

2019 ఏప్రిల్ 9న డర్క్ డాలస్‌లో చివరి ఆట ఆడాడు. సరిగ్గా అదే తారీఖున, 2025లో, లూకా పరాయి చొక్కాతో ఇక్కడికి ఆడటానికొచ్చాడు. పాత రోజుల వీడియో వేస్తుంటే కళ్ళనీళ్ళు ఆగలేదు. తర్వాత లేచి 45 పాయింట్లు వేసి మా జట్టునే ఓడించాడు. డాలస్ జనం చప్పట్లు అతనికే కొట్టారు.

డర్క్ ఒకే ఊళ్ళో 21 సీజన్లు ఆడాడు, ఆ రికార్డు ఇంకెవరికీ లేదు. స్టేడియం పక్క వీధికి అతని పేరు పెట్టారు. అతను ఉంటానన్నాడు, ఊరు ఉండమంది. లూకా విషయంలో రెండో సగం జరగలేదు. మనం ఎంత కలుపుకుపోయినా అవతలివాళ్ళు కూడా కలుపుకోవాలని మెట్టినింటికి వెళ్ళిన ఏ ఆడదానికి తెలియదు?

అదే ఏడాది జూన్‌లో మెయిన్ రాష్ట్రం నుంచి కూపర్ ఫ్లాగ్ అని పద్దెనిమిదేళ్ళ కుర్రాణ్ణి తెచ్చారు. బాగా ఆడతాడు. ఇష్టపడాలా వద్దా అని కొన్నాళ్ళు బిగుసుకుని చూశాను. మొన్న అతను కింద పడితే "అయ్యో నాన్నా!" అన్నాను. ఇంకేముంది, అతనూ మావాడే.