వ్రేలిముద్రల గూళ్లు

పేరు మార్చి, ఊరు మార్చి, ప్రతి న్యాయస్థానమునందును ఇదియే తన తొలి తప్పిదమని విన్నవించుకొను పాత నేరస్థుని ఆనవాలు పట్టుట అపరాధపరిశోధకులకు చిరకాలము దుస్సాధ్యమై యుండెను. ఆ చిక్కు విడదీయుటకే 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము వెలసినది. పది వ్రేళ్ల రేఖలను బట్టి కాగితములను 1024 గూళ్లలో అమర్చిన ఆ వర్గీకరణము పోలీసు ఉన్నతాధికారి ఎడ్వర్డు హెన్రీ పేరిట ప్రసిద్ధికెక్కినను, దాని వెనుక శ్రమ అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను వంగదేశీయ సబిన్‌స్పెక్టరులది. పేరు మారినను వ్రేలు మారదన్న యెరుకయే ఎందరి చేతులనో వెనుకకు లాగియుండును.

జల్పాయిగురి తేయాకుతోట మేనేజరు హత్య జరిగినచోట, వంగపంచాంగపు నీలి అట్టపై నిలిచిన గోధుమవన్నె మరకయొకటి పాత దొంగ కుడి బొటనవ్రేలితో సరిపోలెను. 1898లో, హత్య రుజువు కాకున్నను, చౌర్యమునకు వానికి శిక్ష పడెను. స్కాట్లండుయార్డు ఈ పద్ధతిని చేపట్టినది 1901లో.