తరిగే కారు, పెరిగే ప్రీమియం

"బండి పాతదైతుంటే ఇన్సూరెన్స్ తగ్గాలె గదా, ఏటేటా పెరుగుడేంది?" మెట్టుగూడ చాయ్ హోటళ్లలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో! అడగాల్సిన ప్రశ్నే. నాలుగేళ్లు దాటితే బీమా లెక్కలో కారు విలువ సగానికి పడిపోతుంది. రెన్యువల్ కాగితంలో చివరి అంకె మాత్రం కిందికి దిగదు. ఎందుకో తెలియాలంటే కాస్త దూరం వెనక్కి నడవాలి.

1939 డిసెంబరులో ఇక్కడికి దగ్గర్లోనే ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమైంది. బ్రిటిష్ ఇండియాలో మోటారు వాహనాల చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. బ్రిటన్ 1930లోనే వాహన బీమాను తప్పనిసరి చేసింది. మన దగ్గర ఆ నిబంధన 1946 జూలై 1న అమల్లోకి వచ్చింది. హైదరాబాద్ అప్పటికి నిజాం రాజ్యం. మోటారు అంటే నవాబుల కార్లు, 1932లో రైల్వే కింద 27 బస్సులతో మొదలైన రోడ్డు రవాణా. లాలాగూడ వర్క్‌షాపు కార్మికుడు డ్యూటీకి నడిచో, సైకిల్ మీదో పోయేవాడు. బీమా భాషలో అతనే 'థర్డ్ పార్టీ'. కారు అతనికి తగిలితే అతని ఇంటికి ఏం దక్కాలి? ఈ కథంతా ఆ ప్రశ్న చుట్టూ తిరిగిందే.

1956లో ప్రమాద పరిహారాల కోసం ట్రిబ్యునళ్లకు చట్టంలో చోటు దొరికింది. 1982లో, తప్పెవరిదని చూడకుండానే చనిపోయినవారి కుటుంబానికి 15,000 రూపాయలివ్వాలన్నారు. 1988 చట్టం దాన్ని 25,000 చేసింది. 1994 సవరణతో 50,000 అయింది. 2019 సవరణ 2022 ఏప్రిల్‌లో అమలయ్యాక అది 5 లక్షలు.

తప్పు రుజువైతే వచ్చే పరిహారం ఇంకా పెద్దది. దానికి 2009లో సుప్రీంకోర్టు దేశమంతటికీ ఒకే గుణకాల పట్టిక ఇచ్చింది. సొంత రెక్కల మీద బతికేవాడి రేపటి సంపాదననూ లెక్కలో కలపాలని 2017లో చెప్పింది. ఉదాహరణకు, నెలకు 15,000 సంపాదించే ముప్పై ఏళ్ల ఆటో డ్రైవర్ అనుకోండి. తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు. ఏడాదికి 1.80 లక్షలు. రేపటి ఆదాయం కింద 40 శాతం కలిపితే 2.52 లక్షలు. అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 1.89 లక్షలు. ఆ వయసుకు గుణకం 17. మొత్తం 32.13 లక్షలు. ఆ 40 శాతం కలపకపోతే 22.95 లక్షలే. ఒక్క తీర్పుతో ఒక కుటుంబానికి తొమ్మిది లక్షల పైచిలుకు తేడా. ఆ సొమ్ము వచ్చేది వాహనదారులందరి ప్రీమియం డబ్బుల్లోంచే.

ఇటు బీమా వ్యాపారం 1973లో ప్రభుత్వం చేతికొచ్చింది. 107 సంస్థలు కలిసి నాలుగు కంపెనీలయ్యాయి. రేట్లు టారిఫ్ పుస్తకం ప్రకారమే. తర్వాత నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏ ఏర్పడి, 2001లో ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు మారింది. మనం విసుక్కునే రేట్లు చాలా ఏళ్లు మన ఊళ్లోనే ఖరారయ్యాయన్నమాట! 2007 నుంచి సొంత కారు నష్టానికి కట్టే ప్రీమియాన్ని కంపెనీల ఇష్టానికి వదిలేసి, థర్డ్ పార్టీ రేటును మాత్రం చేతిలో ఉంచుకున్నారు. వెయ్యి సీసీ లోపు కారుకు 2014-15లో 1,129 రూపాయలున్న ఆ రేటు రెండేళ్లలో 2,055కు ఎగబాకింది.

ఆ తర్వాతే అసలు విచిత్రం. 2018లో 1,850కి తగ్గింది. 2019లో 2,072. 2022లో కేంద్ర రవాణా శాఖ ప్రకటించినప్పుడు 2,094. అంటే ఆ మూడేళ్లలో పెరిగింది ఇరవై రెండు రూపాయలు. మరి మన బిల్లు ఎక్కడ ఉబ్బుతోంది?

మా వీధి చివరి డెంటింగ్ షెడ్డుకు వెళ్తే తెలుస్తుంది. అంబాసిడర్, పద్మిని రోజుల్లో బంపర్ అంటే ఇనుము. సొట్ట పడితే సుత్తితో లోపలి నుంచి కొట్టి, రంగేసి పంపేవారు. ఇప్పటిది ప్లాస్టిక్. క్లిప్పు విరిగితే మొత్తం మార్చాలి. వెనకాల సెన్సర్లు, కెమెరా, వైరింగ్. మామూలు పాలసీ ప్లాస్టిక్ భాగాల ఖరీదులో సగమే ఇస్తుంది. మిగతా సగం కోసం 'జీరో డెప్' కొంటాం. ఒక్క క్లెయిమ్ చేస్తే, ఐదేళ్లు కూడబెట్టుకున్న యాభై శాతం నో క్లెయిమ్ బోనస్ ఎగిరిపోతుంది.

వాన మరో పాఠం. 2020 అక్టోబరు వరదలో హబ్సిగూడ, రామంతాపూర్ వీధులు చెరువులయ్యాయి. నీళ్లు తీశాక నేనూ తొందరపడి తాళం తిప్పాను. సిలిండర్‌లో చేరిన నీటిని పిస్టన్ నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగింది. అది వరద నష్టం కాదు, స్టార్ట్ చేసిన నా తప్పని కంపెనీ చేతులెత్తేసింది. మరుసటేడు నా పాలసీలో 'ఇంజిన్ ప్రొటెక్ట్' పేరుతో ఇంకో వరస చేరింది. నాలాల మీద ఇళ్లు కట్టుకున్న నగరానికి పడ్డ జరిమానాలో నా వాటా అది.

వీటికి తోడు, యజమానే నడిపితే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా. అన్నిటి పైనా పన్ను. 1994లో 5 శాతం సేవా పన్నుగా మొదలై, 2017 నాటికి 18 శాతం జీఎస్టీ అయింది. 2025 సెప్టెంబరులో వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాలకు పన్ను ఎత్తేశారు. కారుకు ఆ ఊరట దక్కలేదు.

ఈసారి రెన్యువల్ కాగితం వచ్చినప్పుడు ఒక్కో వరసా వేలు పెట్టి చదివాను. ప్లాస్టిక్‌కూ, వరదకూ, పన్నుకూ పళ్లు నూరుతూనే కట్టాను. థర్డ్ పార్టీ వరస దగ్గర మాత్రం కోపం రాలేదు. నేను కారు తీసేది వారానికి రెండు రోజులు. మిగతా రోజులు మెట్రో స్తంభాల మధ్య, తార్నాక వైపు దూసుకొచ్చే బండ్లకు చెయ్యి అడ్డంపెట్టి రోడ్డు దాటుతుంటాను. వాళ్ల పాలసీల్లో థర్డ్ పార్టీని నేనే.