టాంజానియాలో ఆల్బినిజం ఉన్నవారి హత్యలు

తూర్పు ఆఫ్రికా దేశమైన టాంజానియాలో, ముఖ్యంగా విక్టోరియా సరస్సు పరిసరాల్లోని మ్వాన్జా, షిన్యాంగా, గీటా, సిమియు, కగేరా ప్రాంతాల్లో, పుట్టుకతోనే ఒంటికి రంగు లేని మనుషుల్ని చంపి వారి అవయవాలను ధనాకర్షణ మందుల కోసం అమ్ముకునే నేరం 2000 తర్వాతి దశకంలో విస్తరించింది. ఆ అవయవాలతో చేసిన తాయెత్తు కట్టుకుంటే గనిలో బంగారం పడుతుందని, వల నిండా చేపలు వస్తాయని, ఎన్నికల్లో గెలుపు ఖాయమని కొనేవారి నమ్మకం. 2000 నుంచి 2015 వరకు కనీసం 75 మంది ఇలా బలయ్యారని ఐక్యరాజ్యసమితి లెక్క. చెయ్యో కాలో నరికించుకుని బతికి బయటపడినవారు ఈ లెక్కలో లేరు. హతుల్లో చాలామంది పిల్లలు.

ఆల్బినిజం

ఆల్బినిజం బొల్లి కాదు, అంటువ్యాధి అసలే కాదు. చర్మానికి, జుట్టుకు, కళ్లకు రంగునిచ్చే మెలనిన్ తయారీలో పుట్టుకతో వచ్చే లోపం ఇది. లోపమున్న జన్యువు తల్లి నుంచి, తండ్రి నుంచి కూడా అందితేనే బిడ్డకు ఈ స్థితి వస్తుంది. తల్లిదండ్రులిద్దరిలో దాని జాడ పైకి కనబడకపోవచ్చు. ఐరోపా, ఉత్తర అమెరికాల్లో 17,000 నుంచి 20,000 మందికి ఒకరు ఇలా పుడతారని అంచనా. టాంజానియాలో 1,400 మందికి ఒకరు. ఆ లెక్కన 2012 నాటికి దేశంలో ముప్పై వేలకు పైగా ఉండాలి. ఆ ఏడాది జనగణనలో తేలినవారు 16,477 మంది.

వీరికి చూపు మందం. బడిలో ముందు వరుసలో కూర్చున్నా నల్లబల్ల మీది అక్షరాలు ఆనవు. ఎండ తగిలిన చోట చర్మం కమిలి, పుండు పడి, చివరికి కాన్సర్‌కు దారితీయవచ్చు. హత్యలే వార్తలకెక్కుతాయి గానీ, అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ మందిని పొట్టన పెట్టుకుంటున్నది చర్మ కాన్సరే. పొలం పనికో, చేపల రేవుకో పోక తప్పని పేదలకు నీడ ఎక్కడ దొరుకుతుంది? కిలిమంజారో పర్వతం కింద ఉన్న మోషీ పట్టణపు ఆసుపత్రిలో వీరి కోసమే ‘కిలిసన్’ అనే ఎండ నివారణ క్రీమ్ తయారుచేసి ఉచితంగా పంచుతున్నారు. ప్రాణాన్ని పొడిగించగల మందు అది.

నమ్మకాలు

నల్లని దంపతులకు తెల్లని బిడ్డ పుడితే తల్లి తప్పు చేసిందని అనేవారున్నారు. బిడ్డ రూపంలో దయ్యం పుట్టిందనేవారూ ఉన్నారు. పురిట్లోనే భర్త వదిలేసి పోయిన తల్లులు ఎందరో. ఆల్బినిజం ఉన్నవారికి చావు ఉండదని, ఒకనాడు మాయమైపోతారని కూడా ఒక నమ్మకం. హంతకులకు ఇంతకంటే అనుకూలమైన మాట మరొకటి ఉండదు. మాయమయ్యేవాడి కోసం వెతికేదెవరు?

ఈ ప్రాంతంలో మంత్రాల పేరుతో మనుషుల్ని చంపడం అంతకుముందూ ఉంది. సుకుమా జాతివారి ఊళ్లలో కళ్లు ఎర్రబడిన వృద్ధ స్త్రీలను చేతబడి చేసేవారిగా ముద్రవేసి చంపిన ఘటనలు ఏళ్ల తరబడి నమోదయ్యాయి. ఆ ఎరుపు జీవితమంతా పిడకల పొగలో వండిపెట్టినందుకు వచ్చింది. అయితే ఆ హత్యల వెనుక ఉన్నది భయం. ఆల్బినిజం ఉన్నవారి హత్యల వెనుక ఉన్నది బేరం. రెంటినీ ఒకే గాటన కట్టి ‘ఆఫ్రికా మూఢాచారం’ అనేయడం పొరపాటు. ఆల్బినిజం ఉన్నవారిని చిన్నచూపు చూడటం పాతదే. వారి ఎముకకు రేటు కట్టడం మాత్రం కొత్త డబ్బుతో పాటు వచ్చింది.

బంగారం, చేపలు

ఆ డబ్బు ఎక్కడిదో చూస్తే హత్యలు ఈ సరస్సు చుట్టూనే ఎందుకు ఎక్కువయ్యాయో అర్థమవుతుంది. ఆర్థిక సంస్కరణల తర్వాత, 1990ల నుంచి లక్షలాది మంది చిన్న గనులవైపు తరలివచ్చారు. 2000లో గీటాలో భారీ యంత్రాలతో పెద్ద కంపెనీ గని మొదలైంది. దాని చుట్టుపక్కలే పార, సుత్తి, తాడు తప్ప మరేమీ లేని కూలీలు గోతులు తవ్వుతుంటారు. తలకు టార్చి కట్టుకుని, మనిషి పట్టేంత సందులోంచి తాడు పట్టుకుని దిగుతారు. రాయిని సంచులకెత్తి పైకి పంపుతారు. దాన్ని పిండి చేసి, పాదరసం కలిపి, మంట మీద కాల్చాక గాని అందులో బంగారం ఉందో లేదో తెలియదు. నెలల తరబడి గొయ్యి ఖాళీ. పది గజాల అవతల మరొకడి గోతిలో ఒక్క రోజులో ఇల్లు కట్టుకునేంత పడుతుంది. భూగర్భ శాస్త్రం తెలిసినవాడు రాతిపొర ఎటు సాగిందో చూస్తాడు. గొయ్యి యజమాని మాత్రం అదృష్టం కోసం ‘మ్గాంగా’ దగ్గరికి పోతాడు. స్వాహిలీలో నాటు వైద్యుణ్ణి ఆ పేరుతో పిలుస్తారు. వారిలో ఎక్కువమంది ఆకులు, వేళ్లతో రోగాలు నయం చేసేవారే. కొందరు మాత్రం సంపద మందు ఇస్తామంటారు.

చేపల కథా ఇలాంటిదే. మ్వాన్జా ఫ్యాక్టరీల నుంచి నైల్ పెర్చ్ చేప ఐరోపాకు ఎగుమతై రేవుల్లో డబ్బు ప్రవహించింది. పట్టుబడి తగ్గాక పడవ యజమానుల్లో ఆందోళన మొదలైంది. ఆల్బినిజం ఉన్నవారి వెంట్రుకలను వలలో కలిపి అల్లితే చేప వస్తుందన్న ప్రచారానికి గిరాకీ ఏర్పడింది. చిన్న గనుల విస్తరణకూ ఈ హత్యలకూ ఉన్న లంకెను డెబొరా బ్రైస్‌సన్, ఆమె సహపరిశోధకులు 2010లో వెలువడిన అధ్యయనంలో వివరించారు. కష్టానికీ ఫలితానికీ పొంతన కుదరని చోట ‘మందు’ అమ్మేవాడి మాట చెల్లుతుంది. గుప్త నిధుల పేరిట జరిగిన నరబలుల వార్తలు చదివిన తెలుగు పాఠకులకు ఈ తీరు తెలియనిది కాదు.

వ్యాపారం

అవయవాలన్నీ కలిపితే 75,000 డాలర్ల వరకు పలుకుతాయని రెడ్‌క్రాస్ 2009 నివేదిక పేర్కొంది. అప్పట్లో టాంజానియాలో తలసరి వార్షికాదాయం వెయ్యి డాలర్లు కూడా లేదు. కొనే స్తోమత పేదవాడికి లేదు. కొనేవాడు డబ్బున్నవాడే. అతని కింద మందు చెప్పే మ్గాంగా, దళారి, కత్తి పట్టే కూలి మనుషులు, వారికి ఇంటి ఆనవాళ్లు చెప్పేవాడు. ఈ చివరివాడు తరచూ అయినవాడే కావడం ఈ నేరంలో అన్నిటికంటే ఘోరం. కన్నతండ్రిని, భర్తను, మేనమామను నిందితులుగా అరెస్టు చేసిన కేసులున్నాయి. బోనులో నిలబడింది ఎక్కువగా ఈ కింది మెట్ల వాళ్లే. డబ్బు పెట్టినవాళ్లు పట్టుబడిన సందర్భాలు అతి అరుదు.

చనిపోయాకా రక్షణ లేదు. శవాన్ని తవ్వుకుపోతారన్న భయంతో కొన్ని కుటుంబాలు తమవారిని ఇంట్లోనే పాతిపెట్టి, పైన సిమెంటు పోసుకున్నాయి.

బీబీసీ విలేకరి విక్కీ న్తెతేమా 2008లో వ్యాపారవేత్త వేషంలో నాటు వైద్యుల దగ్గరికి వెళ్లి, ఈ అమ్మకం ఎలా సాగుతోందో బయటపెట్టారు. బెదిరింపులు రావడంతో కొంతకాలం అజ్ఞాతంలో గడపాల్సివచ్చింది. తర్వాత ఆమె ఆల్బినిజం ఉన్నవారి కోసం పనిచేసే ‘అండర్ ద సేమ్ సన్’ సంస్థ టాంజానియా శాఖను నడిపారు.

ప్రభుత్వ చర్యలు

అధ్యక్షుడు జకాయా కిక్వెతే 2008లో ఆల్బినిజం ఉన్న అల్-షైమా క్వెగిర్‌ను పార్లమెంటుకు నామినేట్ చేశారు. 2010లో ఆల్బినిజం ఉన్న సలుమ్ బర్వానీ లిండి నుంచి పోటీచేసి ఎన్నికయ్యారు. 2009 జనవరిలో ప్రధాని మిజెంగో పిండా నాటు వైద్యుల లైసెన్సులన్నీ రద్దు చేశారు. హంతకులను ప్రజలే చంపాలన్నట్టు మాట్లాడి విమర్శల పాలై, పార్లమెంటులో కన్నీరు పెట్టుకున్నారు. ఆ మార్చిలో అనుమానితుల పేర్లు చీటీ మీద రాసి పెట్టెలో వేయమంటూ రహస్య ఓటింగ్ కూడా జరిపారు. తొలి శిక్షలు 2009 సెప్టెంబరులో పడ్డాయి. పద్నాలుగేళ్ల బాలుణ్ణి చంపిన ముగ్గురికి కహామాలో కోర్టు ఉరిశిక్ష విధించింది.

2015 జనవరిలో మంత్రగాళ్లపై దేశవ్యాప్త నిషేధం వచ్చింది, రెండు నెలల్లో 200 మందికి పైగా అరెస్టయ్యారు. కానీ చట్టం తీరే గందరగోళం. మంత్రవిద్యను నేరంగా చూసే చట్టం 1928 నాటి బ్రిటిష్ పాలనది. సంప్రదాయ వైద్యులకు రిజిస్ట్రేషన్ ఇచ్చే చట్టం 2002లో వచ్చింది. వైద్యమెక్కడ ఆగుతుందో, మంత్రమెక్కడ మొదలవుతుందో రెండూ సరిగా తేల్చలేదు.

పిల్లల్ని కాపాడేందుకు షిన్యాంగాలోని బుహంగిజా, కిగోమాలోని కబంగా వంటి బడులను ఆశ్రయాలుగా మార్చారు. అవి వికలాంగ విద్యార్థుల కోసం కట్టినవి. పరుపుకు ఇద్దరు ముగ్గురు పిల్లలు పడుకున్నారు. ప్రాణం దక్కింది, నిజమే. కానీ తాత్కాలికమన్న ఏర్పాటు ఏళ్లకేళ్లు సాగి, కన్నవారి రాకపోకలు తగ్గి, చాలామంది ఊరి పేరే మరిచారు. చంపేవాడు బయట తిరుగుతుంటే చావాల్సినవారిగా ఎంచబడ్డ పిల్లలు గోడల మధ్య పెరగడం రక్షణ అనిపించుకోదు.

సరిహద్దుల అవతల

బురుండీలోని రుయిగిలో 2008లో జరిగిన హత్యల్లో అవయవాలు టాంజానియా కొనుగోలుదారుల కోసమేనని బయటపడింది. 2014 చివరి నుంచి మలావీలో దాడులు పెరిగాయి. అక్కడ ఒక హత్య కేసులో కాథలిక్ మతగురువుకు, మృతుడి సోదరుడికి కూడా శిక్ష పడింది. ఐక్యరాజ్యసమితి జూన్ 13ను అంతర్జాతీయ ఆల్బినిజం అవగాహన దినంగా 2014లో ప్రకటించింది. మరుసటి ఏడాది ఈ అంశంపై స్వతంత్ర నిపుణుల పదవిని ఏర్పరచింది. మొదట ఆ బాధ్యత చేపట్టిన నైజీరియా న్యాయవాది ఇక్పొన్వోసా ఏరోకు స్వయంగా ఆల్బినిజం ఉంది.

2015 తర్వాత టాంజానియాలో హత్యలు బాగా తగ్గాయి గానీ ఆగలేదు. 2024 మే నెలాఖరున కగేరాలో రెండున్నరేళ్ల పాపను తల్లి దగ్గర నుంచి లాక్కుపోయారు. జూన్‌లో శవం దొరికింది. అరెస్టయిన తొమ్మిది మందిలో పాప తండ్రి, ఒక చర్చి మతగురువు ఉన్నారు. 2025 ఫిబ్రవరిలో ఆఫ్రికా మానవ హక్కుల న్యాయస్థానం, ఆల్బినిజం ఉన్నవారి హక్కులను కాపాడటంలో టాంజానియా ప్రభుత్వం విఫలమైందని తీర్పు చెప్పింది.