పాత డిస్క్ నుంచి కొత్త డిస్క్‌కు: నాలుగు తీగల కథ



మొన్న ఆదివారం సంఘం పాత హార్డ్ డిస్క్‌లో ఉన్న 500 జీబీని కొత్త డిస్క్‌లోకి ఎక్కించడానికి కూర్చున్నాం. అందులో ఏమున్నాయో మీకు తెలుసు: మార్కండేయ రథోత్సవం వీడియోలు, పాత పెళ్లి ఫొటోలు, మగ్గం మీద బతుకు వెళ్లదీసిన మన పెద్దల మాటల రికార్డింగులు. ఆ గొంతుల్లో కొన్ని ఇప్పుడు ఆ డిస్క్‌లోనే మిగిలాయి. స్క్రీన్ మీద పది గంటలు పడుతుందని చూపించింది. "ఈలోగా సోలాపూర్ నుంచి హైదరాబాద్ పోయి రావచ్చు గదరా" అన్నాడు మా బాబాయి. అందరం నవ్వాం గానీ, ఎందుకింత ఆలస్యం అని వెతికితే పెద్ద చరిత్రే బయటపడింది.

1996లో యూఎస్‌బీ వచ్చింది. దాన్ని తీర్చిదిద్దిన ఇంటెల్ బృందంలో భారతదేశంలో పుట్టిన అజయ్ భట్ ముఖ్యుడు. అప్పటి వేగం సెకనుకు 12 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్ కాబట్టి, అది ఒకటిన్నర ఎంబీ మాత్రమే. కీబోర్డుకు, మౌస్‌కు చాలు. మన 500 జీబీకైతే లెక్కకే దాదాపు నాలుగు రోజులు. 2000లో యూఎస్‌బీ 2.0 వచ్చి వేగాన్ని 480 మెగాబిట్లకు పెంచింది. లెక్కకు అది 60 ఎంబీ, చేతికందేది 30, 40 ఎంబీ.

2008లో యూఎస్‌బీ 3.0 వచ్చింది, 5 గిగాబిట్ల వేగంతో. అంతవరకు లోపల నాలుగు తీగలే ఉండేవి. దీనికి ఇంకో ఐదు కలిపారు. పాత కేబుళ్లు పారేయకుండా కొత్త డిస్క్‌లకూ పనిచేసేలా చేశారు. ఆ మంచి పనే మనల్ని ముంచింది!

మా పాత డిస్క్‌కున్న వెడల్పు రంధ్రంలో ఎవరో పాత ఫోన్ ఛార్జర్ కేబుల్ పెట్టారు. అది సగంలో చక్కగా కూర్చుంటుంది, పనీ చేస్తుంది, కాని పాత నాలుగు తీగల వేగంతోనే. పైగా రెండు డిస్క్‌లనూ ఒకే చవక హబ్‌కు తగిలించాం. చదివేదీ రాసేదీ ఒకే దారిలో పోవాలి.

మగ్గం ఎంత వేగంగా ఆడినా నూలు అందకపోతే ఆగాల్సిందే. ఇదీ అంతే.

వెడల్పు కేబుల్ వెతికి తెచ్చాం. హబ్ తీసేసి, రెండు డిస్క్‌లనూ కంప్యూటర్‌కున్న నీలిరంగు పోర్టులకు నేరుగా పెట్టాం. వేల కొద్దీ చిన్న ఫొటోలున్న చోట మాత్రం నెమ్మదించింది. తిరిగే పళ్లెం మీద ముల్లు ఒక్కో ఫైలుకు అటూ ఇటూ పోవాలి కదా. అయినా మూడు గంటల్లోపు ముగిసింది.

వేగం సరదా కోసం కాదండీ. ముసలి డిస్క్ ఎన్ని గంటలు తిరిగితే అంత వేడెక్కుతుంది. ఏ నిమిషాన ఆగిపోతుందో చెప్పలేం.

మీ ఇళ్లలోనూ బీరువాలో ఇలాంటి డిస్క్‌లు ఉంటాయి. ముందు కేబుల్ చూడండి. కట్ చేయకండి, కాపీ చేయండి. కాపీ అయ్యాక నాలుగు ఫైళ్లు తెరిచి చూసి, ఆ తర్వాతే పాతదాన్ని పక్కన పెట్టండి. డిస్క్ టక్ టక్ మంటుంటే మాత్రం మళ్లీ మళ్లీ ప్రయత్నించకుండా, తెలిసినవాళ్లకు చూపించండి.

ఆ వెడల్పు కేబుల్ సంఘం ఆఫీసు సొరుగులో ఉంది. కావాల్సినవాళ్లు తీసుకెళ్లండి, మళ్లీ తెచ్చి పెట్టండి.