రంగంలో నా లైనక్స్, విరిగిన అక్షరాలు

ఈ వారం ఎపిసోడ్‌లో టైం చాలక వదిలేసిన ముక్క ఇది.

మన పెద్దవాళ్లు "రంగం వెళ్లాడు" అనేవారు కదా, ఆ రంగం అంటే రంగూన్, ఇప్పటి యాంగోన్. కోరంగి వైపు నుంచి ఓడెక్కిన మనవాళ్లు అక్కడి రేవులో, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. ఆ ఊరు వాళ్లని 'కోరంగీలు' అనే పిలిచేది.

2018లో పని మీద నేనూ అక్కడే ఉన్నాను. నా లాప్‌టాప్‌లో ఉబుంటు తప్ప ఇంకోటి లేదు. లెక్కలు లిబ్రెఆఫీసులో, మెయిళ్లు, ఇంటికి వీడియో కాల్ ఫైర్‌ఫాక్స్‌లో. రోజువారీ పనికి ఏ లోటూ లేదు. ఒక్కటే చిక్కు: తోటివాళ్ల ఫోన్లలో చక్కగా ఉన్న బర్మీస్ మెసేజ్ నా తెర మీదికి వచ్చేసరికి ముక్కలైపోయేది. గుర్తులు ఒకచోట, అక్షరం ఇంకోచోట, మధ్యలో చుక్కల సున్నాలు. "నీ లైనక్సే బాలేదు" అన్నారు. నేనూ నమ్మేశాను.

అసలు కథ వేరు. లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ మొదలుపెట్టింది 1991లో. ప్రపంచ లిపుల అక్షరాలకి తలా ఒక నంబర్ ఇచ్చే యూనికోడ్ మొదటి వెర్షన్ వచ్చిందీ అదే ఏడాది. అందులో తెలుగు ఉంది. బర్మీస్ చేరింది మాత్రం 1999లో. చేరినా, అప్పట్లో అందరూ వాడే విండోస్ ఎక్స్‌పీకి ఆ లిపిని పేర్చి చూపించడం రాదు. అందుకని జవ్‌గీ అనే ఫాంట్ పుట్టింది. బర్మీస్‌కి ఇచ్చిన నంబర్లలోనే తనకి కావలసిన ఆకారాలన్నీ ఇరికించేసింది. పని నడిచింది, జనం పట్టుకున్నారు. కానీ షాన్, మోన్, కరెన్ భాషలకి కేటాయించిన చోట్లనీ అది తినేసింది. జవ్‌గీ ఉన్న మెషిన్‌లో ఆ భాషలవాళ్లు తమ మాట సరిగ్గా రాసుకోలేని పరిస్థితి. 2014లో సిమ్‌లు చవకై ఊరంతా ఫోన్లు వచ్చాయి. వాటిలోనూ జవ్‌గీయే.

లైనక్స్‌లో మాత్రం పదౌక్ లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు నడిచేవి. అంటే నా మెషిన్ నియమం ప్రకారమే చదువుతోంది, వచ్చే మెసేజే వేరే లెక్కలో ఉందన్నమాట. యాంగోన్‌లో లైనక్స్ వాడే మనిషి సరైన పద్ధతిలో టైప్ చేస్తే, పక్కవాడి ఫోన్లో అది విరిగి కనిపించేది. ఒప్పు చేసినవాడే ఒంటరి! 2019 అక్టోబరు 1న దేశం అధికారికంగా యూనికోడ్‌కి మారింది. ఫేస్‌బుక్ కూడా పాత రాతని మార్చి చూపించే ఏర్పాటు చేసింది. అప్పటిదాకా పోగుపడిన రాతలు మాత్రం మార్చుకుంటేనే చదవగలం.

నవ్వుకోకండి, మనదీ ఇదే కథ. యూనికోడ్‌లో తెలుగు మొదటినుంచీ ఉన్నా, మన డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లదే రాజ్యం. పెళ్లి శుభలేఖ నుంచి సంఘం సావనీరు దాకా అందులోనే. ఆ ఫైలుని గల్ఫ్‌లోనో సింగపూర్‌లోనో ఆ ఫాంట్ లేని మెషిన్‌లో తెరవండి, ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల గందరగోళం తప్ప తెలుగు ముక్క కనిపించదు.

1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడ్డాక లక్షలమంది భారతీయులు అక్కణ్ణుంచి బయల్దేరారు. చాలామంది కాలినడకన, మోయగలిగిందే తెచ్చుకున్నారు. ఇవాళ మన ఉత్తరాలు, ఇంటి లెక్కలు, నాన్న చెప్పగా రాసుకున్న వంశవృక్షం పెన్‌డ్రైవ్‌లో పడతాయి. పట్టుకెళ్లడం తేలికే. పదేళ్లకి చదవగలమా అన్నదే ప్రశ్న.

ఈ శుక్రవారం సెలవు దొరికితే ఒక పని చేయండి. పాత లాప్‌టాప్ ఉంటే ఉబుంటుని పెన్‌డ్రైవ్ మీద పెట్టి, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూడండి. డబ్బు కట్టక్కర్లేదు. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చుకోండి. తర్వాత మీ పాత తెలుగు ఫైలు ఒకటి తెరవండి. చదవగలిగితే సంతోషం. ముక్కలైతే మాత్రం అది రాసినవాళ్లు, ఆ ఫాంట్ ఉన్న మెషిన్ అందుబాటులో ఉండగానే మార్పించుకోండి.