అమ్మోనియా తయారీలో శక్తి ఎక్కడ పోతోంది?

45 కిలోల యూరియా బస్తాకు దాదాపు 26 కిలోల అమ్మోనియా కావాలి. సహజవాయువుతో చక్కగా నడిచే కర్మాగారంలో కూడా ఆ అమ్మోనియాకు పట్టే శక్తి, మన ఇళ్లలోని 14.2 కిలోల వంటగ్యాస్ సిలిండర్‌లో ఉన్నదానికంటే కాస్త ఎక్కువే. అందుకే టన్నుకు ఎన్ని గిగాజౌళ్లు ఖర్చవుతున్నాయన్న లెక్క ఇంజనీర్లకే పరిమితమైన విషయం కాదు. అది ఎరువుల సబ్సిడీకి, గ్యాస్ దిగుమతులకు, గాలిలో కలిసే కార్బన్‌కు సంబంధించిన లెక్క.

సిద్ధాంతం ప్రకారం మీథేన్ నుంచి టన్ను అమ్మోనియా తీయడానికి సుమారు 21 గిగాజౌళ్లు చాలు. అందులో 18.6 గిగాజౌళ్లు అమ్మోనియాలోనే నిలిచి ఉంటాయి. ఈనాటి మేలైన గ్యాస్ ప్లాంట్లు 28 దగ్గర నడుస్తున్నాయి. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2020కి ఇచ్చిన ప్రపంచ సగటు మాత్రం సుమారు 41. ఒకదాంట్లోంచి మరొకటి నేరుగా తీసివేసి, తేడా అంతా మిగుల్చుకోవచ్చు అనుకోవడం పొరపాటు. సగటులో చైనా బొగ్గు ప్లాంట్లూ ఉన్నాయి. పైగా 28 అనేది బయటికి పంపే ఆవిరి విలువను తీసేశాక మిగిలిన నికర అంకె. ఇన్ని మినహాయింపుల తర్వాత కూడా ఒక మాట చెప్పవచ్చు: మంచి ప్లాంటు సిద్ధాంతానికి ఎంత దూరంలో ఉందో, పాత ప్లాంట్లలో చాలావరకు మంచి ప్లాంటుకు అంతకంటే ఎక్కువ దూరంలో ఉన్నాయి.

అయినా పరిశోధకుల దృష్టంతా ఉత్ప్రేరకం చుట్టూనే తిరుగుతుంది. కారణం లేకపోలేదు. 200 వాతావరణ పీడనాల వద్ద సమతాస్థితిలో అమ్మోనియా వాటా 500 డిగ్రీల సెల్సియస్‌లో 20 శాతం లోపే. 300 డిగ్రీలకు దిగితే 60 శాతం దాటుతుంది. చల్లగా ఉన్నప్పుడు కూడా చురుగ్గా పనిచేసే ఉత్ప్రేరకం దొరికితే పీడనం తగ్గించవచ్చు, కంప్రెసర్ భారం తగ్గించవచ్చు. 1909లో ఫ్రిట్జ్ హేబర్ ఆస్మియం ఉత్ప్రేరకంతో అమ్మోనియా తయారుచేసి చూపించాడు. తర్వాత జర్మన్ రసాయన సంస్థ బీఏఎస్ఎఫ్‌లో ఆల్విన్ మిటాష్ వేల నమూనాలు పరీక్షించి ఇనుముకు చేరుకున్నాడు. 1913లో జర్మనీలోని ఓప్పౌలో మొదలైన ఉత్పత్తి నుంచి నేటిదాకా అదే కుటుంబానికి చెందిన ఇనుప ఉత్ప్రేరకాలే రాజ్యమేలుతున్నాయి. 1992లో కెనడాలోని కిటిమాట్‌లో రుథీనియం ఉత్ప్రేరకం వాణిజ్యస్థాయికి వచ్చింది. తక్కువ పీడనంలో బాగానే పనిచేసింది కానీ, ఖరీదైన ఆ లోహం ఇనుమును పక్కకు నెట్టలేకపోయింది.

కానీ అసలు నష్టం చాలావరకు, హైడ్రోజన్, నత్రజని కలిసి అమ్మోనియాగా మారే సంశ్లేషణ కన్వర్టరుకు ముందే జరిగిపోతుంది. కన్వర్టరులో జరిగేది వేడినిచ్చే చర్య. టన్నుకు 2.7 గిగాజౌళ్ల మేర వచ్చే ఆ వేడితో ఆవిరి తయారవుతుంది. హైడ్రోజన్ తీసే ప్రైమరీ రిఫార్మర్ సంగతి వేరు. అక్కడ గ్యాస్‌ను మండించి, గొట్టాల్లో మీథేన్‌ను, ఆవిరిని 800 డిగ్రీలకు అటూ ఇటూ వేడి చేయాలి. మంటకు, గొట్టంలోని వాయువుకు మధ్య ఉండే పెద్ద ఉష్ణోగ్రతా వ్యత్యాసంలో పని చేయించుకోగల శక్తి తిరిగి రాకుండా పోతుంది. శక్తి నాణ్యతను కూడా లెక్కలోకి తీసుకున్న విశ్లేషణలు మళ్లీ మళ్లీ ఈ ఫర్నేస్‌నే వేలెత్తి చూపుతున్నాయి.

కాబట్టి ఫలితం ఇచ్చిన మార్పులు పేరుకు చిన్నవే. దహనానికి వెళ్లే గాలిని పొగవేడితో ముందే వేడెక్కించడం, ప్రైమరీ రిఫార్మర్‌కు ముందు ప్రీ-రిఫార్మర్ పెట్టడం, కార్బన్ డయాక్సైడ్‌ను కడిగే ద్రావణాన్ని తక్కువ ఆవిరితో తిరిగి శుద్ధి అయ్యే రకానికి మార్చడం, కన్వర్టర్ వలయం నుంచి బయటికి వదిలే పర్జ్ గ్యాస్‌లోంచి హైడ్రోజన్‌ను వెనక్కి తీసుకోవడం, కంప్రెసర్‌లోకి వెళ్లే వాయువును చల్లబరచడం. అయితే ఒక్కో మార్పుకు సరఫరాదారు చూపే పొదుపు అంకెలను వరసగా కూడేస్తే తప్పుడు మొత్తం వస్తుంది. ప్లాంటంతా ఒకే ఆవిరి వ్యవస్థ మీద నడుస్తుంది. ఒకచోట మిగిల్చిన ఆవిరికి మరోచోట పని లేకపోతే, లేదా దానికి తగ్గట్టు బాయిలర్ ఇంధనాన్ని తగ్గించలేకపోతే, కాగితం మీది పొదుపు గ్యాస్ మీటరులో కనిపించదు.

ముడిసరుకు ఎంత తేడా తెస్తుందో రామగుండం చూపిస్తుంది. అక్కడ భారత ఎరువుల సంస్థ (ఎఫ్‌సీఐ) బొగ్గు ఆధారిత ప్లాంటు 1980లో మొదలైంది. స్థాపిత సామర్థ్యాన్ని నిలకడగా అందుకోలేక 1999లో మూతపడింది. బొగ్గులో హైడ్రోజన్ తక్కువ, కనుక ఎక్కువ భాగాన్ని నీటి నుంచే రాబట్టాలి. గ్యాసిఫికేషన్‌కు ఆక్సిజన్ ప్లాంటు కావాలి, బూడిదతో వేగాలి. ఆ ఆవరణలోనే రామగుండం ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ (ఆర్‌ఎఫ్‌సీఎల్) సహజవాయువు ప్లాంటు 2021లో ఉత్పత్తి ప్రారంభించింది. రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా దాని సామర్థ్యం. ఆ స్థాయిలో టన్నుకు ఒక్క గిగాజౌల్ తగ్గినా రోజుకు దాదాపు 60 వేల ఘనపు మీటర్ల గ్యాస్ మిగులుతుంది. అయితే అది ఏడాది పొడవునా ఆగకుండా నడిస్తేనే. ఆగి మళ్లీ మొదలైన ప్రతిసారీ, ఉత్పత్తి లేకుండానే గంటల తరబడి ఇంధనం కాలుతుంది. నా అంచనాలో నిలకడైన నడక కూడా ఇంధన సామర్థ్యంలో భాగమే. డిజైన్ అంకెల పక్కన దీన్నీ అచ్చువేయాలి.

పునరుత్పాదక విద్యుత్తుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసే దారిలో కార్బన్ తగ్గుతుంది, శక్తి ఖర్చు మాత్రం తగ్గదు. టన్ను అమ్మోనియాకు 177 కిలోల హైడ్రోజన్ కావాలి, కిలోకు సుమారు 50 యూనిట్లు. అంటే ఎలక్ట్రొలైజర్‌కే దాదాపు 9,000 యూనిట్లు. కాకినాడలో ఏఎం గ్రీన్ తలపెట్టిన హరిత అమ్మోనియా ప్రాజెక్టును ఈ లెక్కతోనే చూడాలి. రిఫార్మర్ పొగగొట్టం పోతుంది, పొదుపు చేయాల్సిన చోటు ఎలక్ట్రొలైజర్‌కు మారుతుంది.

హైడ్రోజన్ దశే లేకుండా నత్రజనిని నేరుగా విద్యుత్తుతో అమ్మోనియాగా మార్చామనే ప్రకటనల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ప్రయోగశాల గాలిలో, మనిషి ఊపిరిలో, పరికరం పొరల్లో కూడా అమ్మోనియా ఉంటుంది. 2019లో నేచర్ పత్రికలో ఆండర్సన్ బృందం నత్రజని-15 ఐసోటోప్‌తో సరిచూసే పరీక్షా విధానాన్ని ప్రచురించింది. కొలిచిన అమ్మోనియా నిజంగా ఇచ్చిన నత్రజని నుంచే వచ్చిందని ఆ పరీక్షలో తేలకముందే, ఆ ప్రకటనల్లోని శక్తి అంకెను 28 గిగాజౌళ్ల పక్కన పెట్టి పోల్చడం తొందరపాటే.